స్పానిష్‌లో బల్ల ఎందుకు ఆడదైంది అనే ప్రశ్నే పక్కదారి

లాస్ ఏంజెలెస్, లాస్ వేగస్. తెలుగులో రెండు ఊళ్ళనీ ఇలాగే రాస్తాం, రెండింటి ముందూ ఒకటే 'లాస్' ఉన్నట్టు పలుకుతాం. స్పానిష్‌లో మాత్రం అవి రెండు వేర్వేరు మాటలు. మొదటిది లోస్: లోస్ ఆంహెలెస్, అంటే దేవదూతలు. రెండోది లాస్: లాస్ బేగాస్, అంటే పచ్చిక బయళ్ళు. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో తెలుగువాళ్ళు చాలామంది ఉండే లాస్ కొలీనాస్ అంటే గుట్టలు, కాలిఫోర్నియాలోని లోస్ గాటోస్ అంటే పిల్లులు, అక్కడే సన్నీవేల్ మీదుగా పోయే ఎల్ కమీనో రియల్ అంటే రాచబాట, బొలీవియాలోని లా పాస్ అంటే శాంతి. ఈ పేర్లు రోజూ పలికేవాళ్ళకు ఇంగ్లిష్ 'ద' లాంటి స్పానిష్ ఆర్టికల్స్ నాలుగూ తెలియకుండానే నోటికి వచ్చేసినట్టే: ఎల్, లా, లోస్, లాస్.

పైకి లెక్క చాలా తేలిక. ఎల్ పుంలింగ ఏకవచనం, లోస్ దాని బహువచనం. లా స్త్రీలింగ ఏకవచనం, లాస్ దాని బహువచనం. ఇవన్నీ 'ఫలానా' అని తెలిసినవాటికి. తెలియనివాటికి ఉన్, ఊనా, బహువచనంలో ఊనోస్, ఊనాస్. ఉన్ అంటే ఒకటి, అంటే మన 'ఒక' చేసే పనే. ఈ పోలిక ఇంకాస్త ముందుకీ వెళ్తుంది: మనం 'ఓ ఇరవై మంది వచ్చారు' అంటే సుమారు ఇరవై అని కదా, స్పానిష్‌లో కూడా 'ఊనోస్ వెయింతే' అంటే సుమారు ఇరవయ్యే.

అసలు తంటా ఎక్కడంటే, ఏ మాటకు ఎల్, ఏ మాటకు లా అన్న దగ్గర. పుస్తకం (లీబ్రో) పుంలింగం, బల్ల (మేసా) స్త్రీలింగం. గ్లాసు మగది, కప్పు ఆడది. ఇది వినగానే తెలుగు మనిషికి వచ్చే మొదటి ప్రశ్న, 'బల్లలో ఆడతనం ఏముంది?' అని. ఏమీ లేదు. బల్లకు లింగం లేదు, 'మేసా' అనే మాటకు ఉంది. ఈ ఒక్క తేడా మనసుకు పట్టకపోతే, ప్రతి కొత్త పదం దగ్గరా కారణం వెతుక్కుంటూ నెలల తరబడి అక్కడక్కడే తిరగాల్సి వస్తుంది.

మనకు ఆ ప్రశ్న రావడం సహజమే, ఎందుకంటే తెలుగులో లింగం అర్థాన్ని చూసి తేలుతుంది. మగమనిషి అయితే వచ్చాడు, కాకపోతే వచ్చింది. అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, ఆటో వచ్చింది. బహువచనంలోకి వెళ్తే గీత వేరేచోట పడుతుంది: మనుషులైతే వచ్చారు, మిగతావన్నీ వచ్చాయి. మన వ్యాకరణాలు మహత్తు, అమహత్తు అని పేర్లు పెట్టింది ఈ విభజనకే. ఇందులో గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ లేదు, ఎదురుగా ఉన్నది ఎవరో, ఏమిటో తెలిస్తే చాలు.

అలాగని మాటకు లింగం ఉండటం మనకు మరీ కొత్త సంగతి కూడా కాదు. సంస్కృతం చదివిన ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే పాత ఉదాహరణ ఒకటుంది. భార్య అనే అర్థమిచ్చే మూడు మాటలు తీసుకోండి: 'భార్యా' స్త్రీలింగం, 'దారాః' పుంలింగం, అదీ బహువచనం, 'కళత్రమ్' నపుంసకలింగం. మనిషి ఒక్కతే, మాట మారితే లింగం మారిపోయింది. స్పానిష్ చేసేది సరిగ్గా ఇదే.

అమెరికన్ భాషాశాస్త్రవేత్త చార్లెస్ హాకెట్ 1958లో లింగానికి ఇచ్చిన నిర్వచనం ఈ విషయంలో చాలా ఉపయోగపడుతుంది. దాని సారం ఏమిటంటే, లింగాలంటే నామవాచకాల్లోని తరగతులు, ఆ తరగతి ఏదన్నది పక్కన ఉండే మాటల ప్రవర్తనలో బయటపడుతుంది. ఆడ, మగ అన్న మాటే ఇందులో లేదు. స్పానిష్‌లో లింగాన్ని 'హేనెరో' అంటారు, అది లాటిన్‌లో రకం, జాతి అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. తెలుగులో దానికి 'లింగం' అని పేరు పెట్టుకోవడం వల్ల ఆలోచన వెంటనే శరీరం వైపు పోతుంది కానీ, 'ఎల్ జాతి మాటలు, లా జాతి మాటలు' అనుకుంటే సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ఇంతకీ ఈ జాతుల వల్ల ప్రయోజనం ఏమిటి? 'గ్లాసు, కప్పు కొన్నాను, కానీ అది పగిలి ఉంది' అని తెలుగులో అంటే ఏది పగిలిందో తెలియదు, మళ్ళీ అడగాలి. స్పానిష్‌లో చివర 'రోతా' అంటే పగిలింది కప్పు (తాసా), 'రోతో' అంటే పగిలింది గ్లాసు (వాసో). ఒక్క అచ్చుతో పని అయిపోయింది. తెల్ల బల్ల 'లా మేసా బ్లాంకా', తెల్ల పుస్తకం 'ఎల్ లీబ్రో బ్లాంకో'. నామవాచకం తన జాతిని ముందున్న ఆర్టికల్‌కూ, వెనకున్న విశేషణానికీ అంటిస్తుంది, దానితో ఏ మాట ఏ మాటకు చెందిందో వినేవాడికి దారి దొరుకుతుంది. తెలుగులో 'తెల్ల' అనే మాట దేని ముందైనా అలాగే ఉంటుంది కాబట్టి, మనవాళ్ళు స్పానిష్ మాట్లాడేటప్పుడు ఆర్టికల్ సరిగ్గా పెట్టి కూడా విశేషణం దగ్గర జారిపోవడం చాలా మామూలు.

లింగం మాటదే కాబట్టి భాష మారితే అదీ మారిపోతుంది. సూర్యుడు స్పానిష్‌లో పుంలింగం (ఎల్ సోల్), జర్మన్‌లో స్త్రీలింగం. చంద్రుడు స్పానిష్‌లో స్త్రీలింగం (లా లూనా), జర్మన్‌లో పుంలింగం. మనకు ఇద్దరూ మగవాళ్ళే, పేర్ల చివర 'డు' కూడా ఉంది. హిందీ వచ్చు కదా, ఆ లింగాలతో లాక్కొద్దాం అనుకునేవాళ్ళు కూడా ఆ ఆలోచన మానుకోవడం మంచిది. హిందీలో కితాబ్ స్త్రీలింగం, లీబ్రో పుంలింగం. పానీ పుంలింగం, ఆగ్వా స్త్రీలింగం. ఘర్ పుంలింగం, కాసా స్త్రీలింగం. వంతెన స్పానిష్‌లో పుంలింగం కాబట్టి వాళ్ళు దాన్ని దృఢమైనదిగా ఊహిస్తారనీ, జర్మన్‌లో స్త్రీలింగం కాబట్టి జర్మన్లు అందమైనదిగా ఊహిస్తారనీ చెప్పే ఒక ప్రయోగం బాగా ప్రచారంలో ఉంది. తర్వాత వేరే పరిశోధకులు మళ్ళీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. కాబట్టి దాన్ని రుజువైన విషయంగా చెప్పుకోవడం సరికాదు.

ఇక చరిత్రలోకి వెళ్తే చాలా 'మినహాయింపులు' మినహాయింపుల్లా కనిపించడం మానేస్తాయి. స్పానిష్‌కు తల్లి లాటిన్. లాటిన్‌లో మూడు లింగాలు ఉండేవి, ఆర్టికల్స్ మాత్రం అసలు లేవు. 'ఆ' అని చూపించే మాట ఒకటుండేది: ఇల్లే, ఇల్లా, ఇల్లుద్. జనం నోట్లో అది అరిగి అరిగి ఎల్, లా, లో అయింది. అంటే 'ఆ పుస్తకం' అనడం అలవాటై అలవాటై, 'ఆ'లోని చూపించే బలం పోయి, ఉత్త గుర్తుగా మిగిలింది. నపుంసకలింగంలోని మాటలు ఎక్కువ భాగం పుంలింగంలో కలిసిపోయాయి. కొన్ని మాత్రం వింతగా స్త్రీలింగం వైపు వెళ్ళాయి: లాటిన్‌లో ఆకు నపుంసకం, దాని బహువచనం 'ఫోలియా', చివర 'ఆ' ఉంది కదా అని జనం దాన్ని స్త్రీలింగ ఏకవచనం అనుకున్నారు, అదే ఇప్పటి 'లా ఓహా'.

చివర 'ఓ' ఉంటే పుంలింగం, 'ఆ' ఉంటే స్త్రీలింగం అన్న సూత్రం ఎక్కువ మాటలకు నిజం. 'సియోన్', 'దాద్' అని ముగిసేవి కూడా స్త్రీలింగమే, 'ఆహే' అని ముగిసేవి పుంలింగం. తప్పేవాటికి మూడు నాలుగు పుట్టుకలు తెలుసుకుంటే సరిపోతుంది. చెయ్యి 'లా మానో', ఎందుకంటే లాటిన్‌లోనే అది స్త్రీలింగం. రోజు 'ఎల్ దీయా', లాటిన్‌లో అది ఎక్కువగా పుంలింగంగానే నడిచింది. 'లా ఫోతో', 'లా మోతో' అనేవి ఫోతోగ్రఫీయా, మోతోసిక్లేతా అనే పొడుగు మాటల ముక్కలు, తోక కోసినా లింగం పోలేదు. గ్రీకు నుంచి వచ్చిన 'మా' గుంపు ఇంకొకటి: ఎల్ ప్రొబ్లేమా, ఎల్ సిస్తేమా, ఎల్ క్లీమా, ఎల్ ఇదియోమా, ఎల్ పోయేమా. గ్రీకులో ఇవి నపుంసకం, స్పానిష్‌లో పుంలింగమయ్యాయి. చివర 'మా' కనిపించిన ప్రతిదీ గ్రీకు కాదు సుమా, మంచం (కామా), కొమ్మ (ర్రామా) శుభ్రంగా స్త్రీలింగమే.

అన్నింటికంటే ఎక్కువ గందరగోళం పెట్టేది నీళ్ళు. 'ఎల్ ఆగ్వా'. ఎల్ ఉంది కాబట్టి పుంలింగం అనుకుని 'ఎల్ ఆగ్వా ఫ్రీయో' అంటే తప్పు. సరైనది 'ఎల్ ఆగ్వా ఫ్రీయా', చల్లటి నీళ్ళు, విశేషణం స్త్రీలింగంలో ఉంది. బహువచనంలో 'లాస్ ఆగ్వాస్'. మరి ముందు ఎల్ ఎందుకొచ్చింది? చాలా పాఠాలు 'వినడానికి బాగుండదు కాబట్టి లా మార్చి ఎల్ పెట్టారు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. అది సగం నిజమే. తెలుగు వచ్చినవాళ్ళకు దీన్ని ఇంతకంటే బాగా చెప్పవచ్చు: ఇది సంధి. పాత స్పానిష్‌లో స్త్రీలింగ ఆర్టికల్ ఒక దశలో 'ఎలా'. 'ఎలా' పక్కన 'ఆగ్వా' వచ్చి చేరితే రెండు అచ్చులు ఢీకొని మొదటిది లోపించింది, మన 'మేన' పక్కన 'అల్లుడు' వచ్చి మేనల్లుడు అయినట్టే. ఎలా + ఆగ్వా = ఎల్ ఆగ్వా. హల్లు ముందు మాత్రం అదే 'ఎలా' మొదటి అచ్చు పోగొట్టుకుని 'లా' అయింది. అంటే నీళ్ళ ముందున్న ఎల్, పుస్తకం ముందున్న ఎల్, చూడ్డానికి కవలల్లా ఉన్నా ఒకటి 'ఇల్లా' కూతురు, ఇంకొకటి 'ఇల్లే' కొడుకు.

మధ్యయుగంలో ఈ సంధి ఏ అచ్చు ముందైనా జరిగేది. కత్తిని 'ఎల్ ఎస్పాదా' అనేవారు. తర్వాత కాలంలో అది తగ్గుతూ వచ్చి, మాట మొదట్లో ఒత్తి పలికే 'ఆ' ఉన్నచోట మాత్రమే నిలిచింది: ఆత్మ (ఎల్ ఆల్మా), గద్ద జాతికి చెందిన ఆగిలా, గొడ్డలి (ఎల్ ఆచా), ఆకలి (ఎల్ ఆంబ్రె). ఒత్తు రెండో అక్షరం మీదుంటే లా అలాగే ఉంటుంది, అందుకే పిండి 'లా అరీనా', స్నేహితురాలు 'లా అమీగా'. మధ్యలో ఇంకో మాట దూరినా లా వెనక్కి వచ్చేస్తుంది, ఎందుకంటే అచ్చులు ఇక ఎదురుపడటం లేదు. 'ఈ నీళ్ళు' అనాలంటే 'ఎస్తా ఆగ్వా' అనాలి. 'ఎస్తె ఆగ్వా' అనేది పుట్టుకతో స్పానిష్ మాట్లాడేవాళ్ళ నోటి నుంచి కూడా తరచూ వినిపించే తప్పు. పుట్టు భాషగా ఉన్నవాళ్ళే తడబడుతుంటే నేర్చుకునేవాళ్ళు భయపడాల్సిన పనేముంది? చేయాల్సిందల్లా, ఇలాంటి మాటను ఒంటరిగా బట్టీ పట్టకుండా వెంట ఒక విశేషణాన్ని కలిపి నేర్చుకోవడం. 'ఎల్ ఆగ్వా ఫ్రీయా' అనీ, బాగా ఆకలేస్తోంది అనడానికి 'తెంగో మూచా ఆంబ్రె' అనీ నోటికి పట్టిస్తే లింగం దానంతట అదే గుర్తుంటుంది.

ఆర్టికల్ తప్పితే ఒక్కోసారి అర్థమే మారిపోతుంది. 'ఎల్ పాపా' పోప్, 'లా పాపా' లాటిన్ అమెరికాలో బంగాళాదుంప. 'ఎల్ కూరా' చర్చి ఫాదర్, 'లా కూరా' వైద్యం. 'ఎల్ కపితాల్' పెట్టుబడి, 'లా కపితాల్' రాజధాని. 'ఎల్ కొమేతా' తోకచుక్క, 'లా కొమేతా' గాలిపటం. 'ఎల్ ఓర్దెన్' వరస, క్రమం, 'లా ఓర్దెన్' ఆజ్ఞ. పళ్ళ దగ్గర ఇదొక అందమైన పద్ధతిగా మారింది: చెట్టు పుంలింగం, పండు స్త్రీలింగం. ఆపిల్ చెట్టు మన్సానో, ఆపిల్ మన్సానా. నారింజ చెట్టు నరాంహో, నారింజ నరాంహా. నరాంహా అన్న మాటకూ మన నారింజకూ చుట్టరికం ఉంది, ఇక్కడి నుంచే పర్షియన్, అరబిక్ మీదుగా అది స్పెయిన్ చేరింది.

చక్కెర ప్రయాణం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. సంస్కృత శర్కర పర్షియన్‌లో శకర్, అరబిక్‌లో సుక్కర్ అయి, అరబిక్ ఆర్టికల్ 'అల్'ను వెంటబెట్టుకుని స్పెయిన్‌లో 'అసూకర్'గా దిగింది. స్పానిష్ వాళ్ళకు ఆ మొదటి 'అ' ఆర్టికల్ అని తెలియక, దాని ముందు ఇంకో ఆర్టికల్ పెట్టారు. ఎల్ అసూకర్ అంటే లెక్కప్రకారం రెండు ఆర్టికల్స్ ఉన్న చక్కెర. మేయర్‌ని 'ఎల్ అల్కాల్దె' అంటారు, అది అరబిక్ 'అల్ ఖాదీ', మన ఖాజీయే. పత్తి (అల్గోదోన్) కూడా ఇదే దారిలో వచ్చింది. అసూకర్‌కు లింగం ఇప్పటికీ స్థిరపడలేదు, రెండు రకాలుగానూ వాడతారు, 'ఎల్' పెట్టి విశేషణం మాత్రం స్త్రీలింగంలో చెప్పేవాళ్ళూ ఉన్నారు.

ఆర్టికల్ ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు వదిలేయాలి అన్నది ఇంకో సంగతి. తెలుగువాళ్ళు స్పానిష్‌ను ఎక్కువగా ఇంగ్లిష్ మీదుగా నేర్చుకుంటారు, అందుకని తెలుగులో లేని తప్పులు ఇంగ్లిష్ నుంచి తెచ్చుకుంటారు. తలనొప్పి తీసుకోండి. 'మె దుయేలె లా కబేసా'. ఇంగ్లిష్ అలవాటు 'నా తల' అనమంటుంది, స్పానిష్ 'నాకు తల నొప్పి పెడుతోంది' అంటుంది, అచ్చం మనలాగే. 'మె లావో లాస్ మానోస్' అంటే చేతులు కడుక్కుంటున్నాను. కడగడానికీ కడుక్కోవడానికీ మనకున్న తేడా స్పానిష్‌లో 'మె' చూపిస్తోంది, కాబట్టి 'నా చేతులు' అనక్కర్లేదు. 'నాకు కాఫీ ఇష్టం' అన్నది 'మె గూస్తా ఎల్ కఫె'. ఇలాంటి వాక్యాలకు నేరుగా తెలుగు నుంచి వెళ్ళడమే దగ్గరి దారి. కాకపోతే కాఫీ ముందు ఎల్ మర్చిపోకూడదు, మొత్తంగా కాఫీ అనే పదార్థం గురించి మాట్లాడినప్పుడు స్పానిష్‌కు ఆర్టికల్ కావాలి. వృత్తి చెప్పేటప్పుడు మాత్రం వద్దు: 'సోయ్ మేదికో', నేను డాక్టర్ని, అంతే.

తెలుగులో ఆర్టికల్ లేదన్నది నిజమే కానీ, ఆర్టికల్ చేసే పని లేదనుకోవడం పొరపాటు. 'బల్ల మీద పుస్తకం ఉంది' అంటే ఏదో ఒక పుస్తకం, వినేవాడికి కొత్త సమాచారం. 'పుస్తకం బల్ల మీద ఉంది' అంటే ఇద్దరికీ తెలిసిన పుస్తకం. మనం మాటల వరసతో చేసిన పనిని స్పానిష్ మొదటి వాక్యంలో 'ఆయ్ ఉన్ లీబ్రో' అనీ, రెండో వాక్యంలో 'ఎల్ లీబ్రో ఎస్తా' అనీ ఆర్టికల్‌తోనూ క్రియతోనూ చేస్తుంది. ఆ తేడా వినే చెవి మనకు ముందే ఉంది. అలాగే 'లో' అనే ఐదో ఆర్టికల్. ఇది లాటిన్ నపుంసకం నుంచి మిగిలిన ముక్క, ఏ నామవాచకం ముందూ రాదు, విశేషణం ముందు వస్తుంది. 'లో బుయేనో' అంటే మంచిది, 'లో ఇంపోర్తాంతె' అంటే ముఖ్యమైనది. తెలుగులో ఆ చివరి 'ది' ఏం చేస్తోందో స్పానిష్‌లో ముందున్న 'లో' అదే చేస్తోంది.

మనుషుల దగ్గరికొస్తే విషయం మళ్ళీ బరువెక్కుతుంది. 'పెర్సోనా' అంటే వ్యక్తి, మగవాడైనా లా పెర్సోనాయే. బాధితుడు కూడా లా విక్తిమా. తెలుగులో 'ప్రొఫెసర్ గారు వచ్చారు' అనగానే గౌరవం వెనకాల లింగం దాగిపోతుంది, స్పానిష్‌లో అలా దాచడం కష్టం, ప్రొఫెసోర్ అనో ప్రొఫెసోరా అనో చెప్పాల్సిందే. దేశాధ్యక్షురాలిని 'లా ప్రెసిదెంతా' అనవచ్చా అని గొడవపడేవాళ్ళు ఉన్నారు కానీ, ఆ మాట స్పానిష్ రాయల్ అకాడమీ నిఘంటువులో 1803 నుంచే ఉంది. 2024 అక్టోబర్‌లో మెక్సికోకు తొలి మహిళా అధ్యక్షురాలైన క్లౌదియా షేన్‌బౌమ్ అలాగే పిలిపించుకుంటున్నారు. ఆడా మగా కలిసిన గుంపుకు లోస్ వాడటం సంప్రదాయం, దానికి బదులు చివర 'ఎ' పెట్టి 'తోదెస్' (అందరూ) లాంటి కొత్త రూపాలు వచ్చాయి. అకాడమీ వాటిని ఒప్పుకోలేదు, బ్యూనస్ ఐరెస్ నగర ప్రభుత్వం 2022లో స్కూళ్ళలో టీచర్లు వాటిని వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. లింగం మాటది అన్నది వస్తువుల విషయంలో ఎంత నిజమో, మనుషుల విషయంలో అది అంతటితో ఆగదన్నదీ అంతే నిజం, ఈ వాదన తొందరగా తేలేది కాదు.

ఊరిని బట్టి కూడా మారేవి ఉన్నాయి. పెనం (సార్తేన్) స్పెయిన్‌లో లా, లాటిన్ అమెరికాలో చాలాచోట్ల ఎల్. రేడియో స్పెయిన్‌లో లా, మెక్సికోలో ఎల్. ఎండవేడిని పుస్తకాల్లో 'ఎల్ కలోర్' అని రాస్తారు, దక్షిణ స్పెయిన్‌లోని అందలూసియాలో జనం 'లా కలోర్' అంటారు. సముద్రం మామూలుగా 'ఎల్ మార్', దాని మీద బతికే జాలరులకూ నావికులకూ మాత్రం 'లా మార్'. కంప్యూటర్‌కైతే పేరే మారుతుంది, స్పెయిన్‌లో ఎల్ ఒర్దెనదోర్, మెక్సికోలో లా కొంపుతదోరా.

కొత్తగా వచ్చే మాటలకు జాతి ఎలా దొరుకుతుందో చూస్తే ఈ వ్యవస్థ ఇంకా ఎంత చురుగ్గా ఉందో తెలుస్తుంది. కోవిద్ వచ్చినప్పుడు దాన్ని వైరస్‌తో కలిపి ఆలోచించినవాళ్ళు ఎల్ అన్నారు, స్పానిష్‌లో జబ్బు స్త్రీలింగం కాబట్టి జబ్బుగా చూసినవాళ్ళు లా అన్నారు, అకాడమీ రెండూ సరే అంది. మన దేశం పేరు వాళ్ళకు ఎక్కువగా ఆర్టికల్‌తోనే వస్తుంది, 'లా ఇందియా' అని. ఇక్కడి నుంచి వెళ్ళిన మాటలు మాత్రం చివర 'ఆ' ఉన్నా పుంలింగంలో చేరాయి: ఎల్ యోగా, ఎల్ మంత్రా, ఎల్ కర్మా. సంస్కృతంలో యోగం, మంత్రం పుంలింగాలు, కర్మ నపుంసకం. తెలుగుకు వచ్చేసరికి మూడూ అమహత్తులో కలిశాయి, స్పెయిన్‌కు వెళ్ళేసరికి మూడూ ఎల్ వెనకాల నిలబడ్డాయి.